గట్టు మీద గుంజ

రాయి జారి బొటనేలి మీద పడబోతే చెయ్యి లాక్కున్నా. వానకి మా ఆవుని కట్టేసే గుంజ మళ్ళీ వదులైంది, గట్టిగా దిగ్గొట్టకపోతే ఒక్క లాగుకే ఊడొస్తది. గుంజ కొట్టినప్పుడల్లా నేను కొత్త కోడలిగా వచ్చిన ఏటి వానాకాలమే గుర్తొస్తది నాకు.

మా వాడ పక్కనే రాయి తీసి వదిలేసిన క్వారీ గుంత ఒకటుంది, వానలకి నిండేది. నీళ్ళు దగ్గర, గాలి చల్లగా తగులుద్దని పొద్దుగూకేసరికి చాలామంది గొడ్లని ఆ గట్టునే కట్టేసి, అక్కడే కూర్చుని ఊసులాడుకునేవాళ్ళు. ఆ ఏడు గొడ్లకి మూడు రోజుల జ్వరం తగిలింది. వణకటం, కుంటటం, పాలు ఎండిపోవటం. పక్కింటి పిన్నమ్మ వాళ్ళ చూడి ఆవు పడింది పడినట్టే, మళ్ళీ లేవలా. మాకున్నది ఒక్క ఆవు, ఇల్లు గడిచేది దాని పాల మీదే.

ఆ జబ్బు దోమలు మోసుకొస్తయ్యని చెప్పి, పశువుల డాక్టరమ్మ నాకు ఫోన్లో మ్యాపు మీద గుర్తులు పెట్టటం నేర్పింది. నీళ్ళు నిలిచిన చోట నీలం చుక్క, జబ్బు చేసిన గొడ్డుని కట్టేసే చోట ఎర్ర చుక్క. బురదలో కాళ్ళు దిగబడతా వాడవాడా తిరుగుతుంటే, ఏమే, గొడ్లకి ఓట్లు రాస్తన్నావా అని అరుగుల మీద మామలు నవ్వేవాళ్ళు. మీ దున్నపోతుకి కూడా రాస్తాలే మామా అని నేనూ నవ్వి ముందుకి పోయేదాన్ని, ఆపలా.

అంతా అయినాక చూస్తే ఎర్ర చుక్కలన్నీ బెల్లానికి చీమలు పట్టినట్టు ఆ గుంత చుట్టూనే ఉన్నయ్. మిట్ట మీద ఇళ్ళ దగ్గరే కట్టేసుకునే గొడ్లకి ఒకటో రెండో. ఆ సాయంత్రమే గట్టు మీదికి పోయి మా అత్తకి చూపించా.

"ఫోన్లో చుక్కలు చూసి నా ఆవుని యాడ కట్టాలో చెప్తావా? దానికి గాలాడొద్దా ఏంది?" అన్నది, పిక్కల మీద దోమల్ని టపటపా కొట్టుకుంటా. ఆవు పొట్ట చూస్తే నువ్వులు చల్లినట్టు దోమలు.

"నీకు చేతులున్నయ్, కొట్టుకుంటన్నావ్ అత్తా. దానికి తోకొక్కటేగా" అన్నా.



ఇప్పుడా గట్టున ఎవరూ గొడ్లని కట్టట్లా, సాయంత్రం ఊసులు కూడా లేవు. ఎవరి వాకిట్లో వాళ్ళు వేపాకు పొగ వేసుకుని కూర్చుంటన్నారు. ఆ కబుర్లు తల్చుకుంటే దిగులుగానే ఉంటది, కానీ మా ఆవు నా పక్కన నెమరేస్తంది.

ఆ ఏడు, అత్తకి చుక్కలు చూపించిన మర్నాడు తెల్లారగట్ల ఎవరినీ అడక్కుండా గట్టు మీద గుంజ పీకి, భుజానేసుకుని మిట్ట మీద మా వాకిట్లో పాతా. మళ్ళీ ఎనక్కిపోయి, గట్టు మీద బొక్కలో మట్టి పోసి కాలితో గట్టిగా తొక్కొచ్చా.