కర్పూరానికి కరిగిన తాడు: లిత్‌గో అడవి దారిలో మా అమ్మాయితో ఒక రోజు

మా అమ్మాయి మళ్ళీ స్టీరింగ్ పట్టుకుంది. ఈ ఒక్క మాట చెప్పుకోవడానికే ఫోను ముందు పెట్టుకుని ఒక్కో అక్షరం నొక్కుతున్నాను. నేను ఏడో తరగతి వరకే చదివాను. తాడేపల్లిగూడెంలో లారీ నడిపి పిల్లను పెంచాను. అమ్మాయి వసుంధర సిడ్నీలో ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఉంటుంది, ఫైనాన్స్ ఉద్యోగం. రెండేళ్ళ కిందట వాన పడుతుండగా మోటర్‌వే మీద వెనక నుంచి ఒక ట్రక్కు వచ్చి దాని కారును గుద్దింది. దేవుడి దయవల్ల ఒంటికి పెద్దగా తగల్లేదు గానీ, ఆ రోజు నుంచి వసు కారు తాళం ముట్టుకోలేదు. ఆఫీసుకు రైలు, కూరగాయలకు నడక. మేము ఎప్పుడు వచ్చినా ఎయిర్‌పోర్టుకు తానే కారేసుకుని వచ్చేది, ఈసారి అల్లుడు కిరణ్ ఒక్కడే వచ్చాడు. లారీ కూడు తిని పెరిగిన పిల్లను లారీయే భయపెట్టిందే అని నాకు లోపల్లోపల కుమిలిపోయినట్టుండేది.

కిరణ్ బుద్ధిమంతుడు. బతిమాలలేదు, పోట్లాడలేదు. అడవి దారుల్లో తిరిగే ఎత్తైన బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొని ఇంటి ముందు పెట్టి ఊరుకున్నాడు. రెండు నెలలు దాన్ని కిటికీలోంచి చూసిన వసు, ఒకనాడు తనంతట తానే ఆ బళ్ళు నడపడం నేర్పే శనివారం క్లాసులో చేరింది. ఆఖరి క్లాసు లిత్‌గో వెనక అడవిలో. ముందురోజు అన్నాల దగ్గర తేల్చి చెప్పేసింది. “రేపు భయం వెయ్యకపోతే బండి ఉంచుకుందాం. వేసిందంటే సోమవారం అమ్మేద్దాం. నో మోర్ డిస్కషన్.” కిరణ్‌కు డ్యూటీ ఉంది, మా ఆవిడ మనవరాలి దగ్గర ఉండాలి. పక్క సీటుకు నేను తయారయ్యాను.

ప్రయాణం ముందు బండికి పూజ చేయకుండా నేనెప్పుడూ కదిలి ఎరగను. ఆ సాయంత్రమే డ్రైవ్‌వేలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, బంపర్‌కు పసుపు కుంకుమ అద్ది, కొబ్బరికాయ కొట్టాను. హారతి దగ్గరే వచ్చింది చిక్కు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో చెట్లింకా చిన్నవి, గాలికి అడ్డం లేదు. కర్పూరం వెలిగించడం, ఆరిపోవడం. హారతి ఆరిపోతే డ్రైవరు మనసు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. చూస్తే ముందు బంపర్‌లో చిన్న గూడులాంటి చోటు కనబడింది. దాంట్లో విన్చ్ ఉంది. విన్చ్ అంటే కరెంటుతో తిరిగే డ్రమ్ము, దానికి తాడు చుట్టి ఉంటుంది. బండి బురదలో దిగబడితే ఆ తాడును చెట్టుకు తగిలించి మీట నొక్కితే, బండి తనను తానే పైకి లాక్కుంటుంది. గాలి తగలని ఆ గూట్లో తమలపాకు మీద కర్పూరం పెట్టాను. చక్కగా వెలిగింది. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాను.

శనివారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. ఇక్కడ మే నెలంటే చలి. బండి ఎంత ఎత్తంటే నా మోకాళ్ళతో ఎక్కడం నావల్ల కాదు, వసు ప్లాస్టిక్ స్టూలు వేసి, నా చెయ్యి పట్టుకుని ఎక్కించి, స్టూలు వెనక పడేసింది. ఎం-సెవెన్ మోటర్‌వే ఎక్కి, అక్కణ్ణుంచి గ్రేట్ వెస్టర్న్ హైవే పట్టుకుంటే బ్లూ మౌంటెన్స్ మీదుగా లిత్‌గో రెండు గంటలు. టోలు ఉంటుంది, గుర్తుంచుకోండి. కొండ మీద పొగమంచు. వెనక ట్రక్కు కనబడినప్పుడల్లా వసు వేళ్ళు స్టీరింగ్ మీద తెల్లబడిపోతున్నాయి. అద్దంలోకి చూడటం, భుజాలు బిగించడం.

“ఎడమ పక్కకు తీసుకో అమ్మలూ, వాణ్ణి పోనీ.”

“నాన్నా, ప్లీజ్. మాట్లాడకు. లేకపోతే వేరే ఏదైనా చెప్పు. బండి గురించి కాకుండా.”

అందుకని వాళ్ళమ్మ కట్టిచ్చిన పులిహోరలో ఇంగువ ఎక్కువైందని చెప్పాను. కటూంబా ఊరు దాటేదాకా ఇంగువ గురించే మాట్లాడాను.

లిత్‌గోలో డీజిల్ నింపితే నూట నలభై డాలర్లు దాటింది. అడవిలో బంకులు లేవు, ఇక్కడే నింపుకోవాలి. పక్కన బేకరీలో మాంసం పఫ్‌లాంటి పైలు వేడివేడిగా అమ్ముతారు, నాకది శాకాహారం రోజు కాబట్టి కాఫీతో సరిపెట్టుకున్నాను. అడవిలోకి వెళ్ళేముందు విన్చ్ తాడు మొత్తం బయటికి లాగి చేత్తో తడిమి చూసుకోవాలని క్లాసులో చెప్పారట. వసు చేతి తొడుగులు వేసుకుని తాడు లాగింది. కొక్కెం వైపు నుంచి రెండు మూడు బారలు వచ్చాక ఆగిపోయింది. బూడిద రంగు తాడు మీద నల్లగా, గాజులాగా గట్టిపడిన మచ్చ. పక్క చుట్టలో ఇంకొకటి. మచ్చ అంచున ఎర్రగా కుంకుమ.

అది ఇనుప తాడు కాదని నాకప్పటిదాకా తెలియదు. మా లారీలకు ఇనుపవే. ఇది ప్లాస్టిక్ జాతి పోగులతో జడలాగా అల్లినది. బలంలో ఇనుముకు తీసిపోదు గానీ నిప్పు తగిలితే కరుగుతుంది.

వసు కుంకుమను వేలితో తుడిచేసింది. నా వైపు చూడలేదు. “తాడు డ్యామేజ్ అయింది నాన్నా. ఇంటికి పోదాంలే,” అంది. ఆ గొంతులో కోపం ఉంటే నేను భరించేవాణ్ణి. కానీ అందులో ఉన్నది హాయి. తప్పించుకోవడానికి దానికి ఒక సాకు దొరికింది, ఆ సాకు నేనే వెలిగించి ఇచ్చాను.

“ఒకసారి ఎవరికైనా చూపిద్దామే,” అన్నాను.

ఊరి చివర చిన్న వర్క్‌షాపు నడిపే షెరిల్ అనే పెద్దావిడ ఉంది. నా ఈడుదే, జేబుల నిండా రెంచీలు, కాళ్ళ దగ్గర ముసలి కుక్క. అందరినీ ‘లవ్’ అనే పిలుస్తుంది. మొదట నన్నలా పిలిచేసరికి సిగ్గుతో కుక్కను చూశాను. తాడు తడిమి, ఇది రాపిడి కాదు, వేడి, ఎలా తగిలింది అని అడిగింది.

“నో ఐడియా,” అంది వసు. అంత త్వరగా అబద్ధం ఆడటం దాని దగ్గర నేనెప్పుడూ చూడలేదు. నన్ను పరాయి మనిషి ముందు చిన్నబుచ్చడం ఇష్టంలేక.

నేనే ముందుకొచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. “మీ, మేడమ్. గాడ్ ఫైర్. న్యూ కార్, గాడ్ ఫైర్.”

షెరిల్ వసు వైపు చూసింది. వసు విడమరిచి చెప్పింది. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. గోడ మీద వేలాడుతున్న చిన్న పతకాన్ని చూపించింది, ప్రయాణాల్లో కాపాడే క్రైస్తవ సాధువుదట, వాళ్ళ నాన్న ప్రతి బండికీ కట్టేవాడట. “హి మెంట్ వెల్, లవ్,” అంది వసుతో. “సో డిడ్ మైన్. హి డ్రిల్డ్ హిజ్ త్రూ ఎ రేడియేటర్.” మీ నాన్నలాగే మా నాన్నా మంచి మనసుతోనే చేశాడు, పతకం బిగించబోయి రేడియేటరుకే చిల్లు పెట్టాడు అందని వసు తెలుగులో చెప్పేసరికి ముగ్గురం నవ్వాం. పొద్దుట నుంచి దాని నవ్వు అదే మొదలు.

కొత్త తాడు తెప్పించాలంటే వచ్చేవారం. లేదంటే కాలిన ముక్క కోసేసి, మిగిలినదానికి కొత్తగా కన్ను, అంటే కొసన ఉచ్చులాంటి మడత, కట్టి కొక్కెం తగిలించుకోవచ్చు, లోపలి చుట్టలు బాగానే ఉన్నాయి, అంది షెరిల్. సూది ఇస్తాను, ఎలాగో చూపిస్తాను, కానీ నువ్వే చెయ్యి లవ్, అడవిలో నీ పక్కన నేనుండను కదా అని వసుకు చెప్పింది. వసు ఫోను తీసి క్లాసు వాళ్ళకు ‘రావడం లేదు’ అని టైపు చేస్తోంది. వద్దనడానికి నాకేం మొహం ఉంది. స్టూలు వేసుకుని, షెరిల్ కాలిన ముక్క కోసేయగా మిగిలిన తాడు కొస ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. వసు చాలాసేపు నన్ను చూసింది. ఆ మెసేజీ చెరిపేసి, ‘ఆలస్యంగా వస్తాం’ అని పంపి ఫోను జేబులో పెట్టుకుంది.

ఆ తాడు లోపల బోలుగా ఉంటుంది. కొసను వెనక్కి మడిచి, పొడుగాటి సూదితో దాని కడుపులోకే మూరన్నర దూరం దూర్చాలి. లోపలికి పోయే కొసను పోగులు కోసి సన్నం చేయాలి. జిగురు లేదు. లాగితే పై అల్లిక లోపలి తాడును కావలించుకుంటుంది, ఎంత లాగితే అంత బిగుస్తుంది. మొదటిసారి సూది పక్కకు పొడుచుకొచ్చింది. షెరిల్ చెయ్యి వేయలేదు, కుక్క చెవి గోకుతూ నిలబడింది.

“నాన్నా, నువ్వు రిబ్బన్ పట్టుకున్నట్టు పట్టుకున్నావు. గట్టిగా లాగు.”

నిజమే. చిన్నప్పుడు నాకు ట్రిప్పు లేని రోజున వాళ్ళమ్మ దీనికి జడ వేస్తుంటే రిబ్బన్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. “అప్పుడు గట్టిగా లాగితే ఏడిచేదానివి,” అన్నాను.

“ఇప్పుడు ఏడవను. లాగు.”

రెండోసారి సరిగ్గా దిగింది. తాడు కన్నులో వేసే ఇనుప రింగుకు, సూదికి షెరిల్ నలభై డాలర్లు తీసుకుంది, చెప్పిన చదువుకు ఏమీ తీసుకోలేదు. మేమిచ్చిన పులిహోర మాత్రం నిలబడే తినేసి, ఇంగువ బాగుంది అంది.

అడవి గేటు దగ్గర క్లాసు వాళ్ళ రెండు బళ్ళు మా కోసం ఆగి ఉన్నాయి. ఒక్క బండితో ఆ దారుల్లోకి ఎవరూ వెళ్ళకూడదట. మధ్యాహ్నం ఒక ఏటవాలు దగ్గర ముందు బళ్ళు ఎక్కేశాయి, మాది పక్కకు జారి గోతిలో కూర్చుంది. పై నుంచి రేడియోలో ఎవరో మేము లాగాలా అని అడిగారు. వసు గట్టు మీదున్న చెట్టు వైపు చూసింది. తర్వాత, “నో థాంక్స్. ఐ విల్ విన్చ్ ఇట్,” అంది.

లావాటి చెట్టుకు వెడల్పాటి పట్టీ చుట్టి, కొక్కెం తగిలించి, తెగితే ఎగరకుండా తాడు మీద బరువుకు తడి గోనెలాంటి గుడ్డ వేసింది. నన్ను దూరంగా ఇంకో చెట్టు వెనక నిలబెట్టింది. “తెగితే ఇటు రాదు. కదలకు నాన్నా.” తను బండి ఎక్కి తలుపు వేసుకుంది. నేను దణ్ణం పెట్టుకున్నాను, ఈసారి నిప్పు లేకుండా. తాడు లేచింది, బిగుసుకుంది. మేం కట్టిన కన్ను సన్నబడి కర్రలాగా అయింది. బురద చప్పుడు చేస్తూ చక్రాలను వదిలింది. బండి అంగుళం, ఇంకో అంగుళం కదిలి, ఏనుగు లేచినట్టు లేచి గట్టు మీదికి వచ్చేసింది. పైనున్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళు మసకబారి సరిగ్గా కనబడలేదు.

వసు దిగి నా దగ్గరికి వచ్చి తొడుగులు తీసి, రెండు చేతులూ బోర్లా చాపింది. చూడు అన్నట్టు. వేళ్ళు నిశ్చలంగా ఉన్నాయి. ఆ చేతులు పట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. “నాన్నా, నా చేతులు నాకివ్వు, తాడు చుట్టాలి,” అంది.

సోమవారం బండి అమ్మలేదు. ఆ ఉదయం నా షుగరు పరీక్షకు నన్ను అందులోనే తీసుకెళ్ళింది, మోటర్‌వే మీదుగానే, వెనక ట్రక్కులున్నా. నేను స్టూలు కోసం చూస్తుంటే పక్క సీటు తలుపు పైన కొత్తగా ఏదో వేలాడుతోంది. షెరిల్ కోసిన ముక్కలో కాలని భాగాన్ని వసు ఆదివారం ఇంట్లో కూర్చుని, రెండు కొసలా కన్నులు కట్టి నాకు చేతిపట్టుగా తగిలించింది. దాన్ని పట్టుకుని ఒక్క ఊపుతో ఎక్కి కూర్చున్నాను. ఎంత లాగితే అంత బిగుస్తుందని తెలుసు కదా, ధైర్యంగా లాగాను. నా తెలివితక్కువ భక్తిని ఈ పిల్ల నాకు చేతి ఆసరాగా మార్చి ఇచ్చింది. ఏ జన్మ పుణ్యమో, ఇంతకంటే చెప్పడం నాకు చేతకాదు.

నాలాగా పిల్లల దగ్గరికి వచ్చే పెద్దవాళ్ళకు ఒక్క మాట. బండికి పూజ తప్పకుండా చేయండి, కానీ హారతి పళ్ళెం చేత్తోనే పట్టుకుని, బండికి నాలుగడుగుల దూరం నుంచి తిప్పండి. గాలి వీస్తే, ఆదివారం నేను మళ్ళీ హారతి ఇచ్చినప్పుడు మా వసు చేసినట్టు, పక్కన ఒక మనిషి చీరకొంగో, జాకెట్టో అడ్డం పట్టుకుంటే చాలు, కర్పూరం ఆరదు.