ఎగరని గొంగడి

నా చిన్నప్పుడు, నిజాం పాలన పోయిన కొత్తలో, సూర్యాపేటలో టూరింగ్ టాకీసు డేరా వేశారు. మాది అక్కడికి రెండు కోసుల దూరంలోని పల్లె. నాకు ఎనిమిదేళ్లు. మా తాతయ్య నన్ను బండి మీద సినిమాకు తీసుకెళ్లాడు. కుదుపులకు నొప్పి పుడుతుందని ఐదేళ్ల తమ్ముణ్ణి ఇంట్లోనే ఉంచాం. ఆ ఎండాకాలం వాడికి జ్వరం వచ్చి తగ్గింది గానీ, కాళ్లు పడిపోయాయి. మిర్యాలగూడ దవాఖానలో చూపించారు. కోదాడ దగ్గర ఎవరో పసరు మందు ఇస్తారంటే అదీ తాగించారు. ఏదీ పనిచేయలేదు. మా అమ్మ రోజూ వాడి కాళ్లకు ఆముదం రాసేది.

ఆ సినిమాలో ఒక ముసలమ్మ ఇద్దరు పిల్లలకు కంబళి ఇస్తుంది. కళ్లు మూసుకుని దాన్ని మూడుసార్లు తడితే గాల్లోకి లేస్తుంది. వాళ్ల మేక కూడా దాని మీదెక్కి మబ్బుల్లోకి పోతుంది. ఇసుకలో కూర్చున్న జనమంతా నవ్వుతుంటే నేను నవ్వలేదు. ఏ చేత్తో తట్టారో గుర్తుపెట్టుకుంటున్నాను.

మర్నాడు పొద్దున అమ్మ నీళ్లకు వెళ్లగానే, తాతయ్య గొంగడి వాకిట్లో పరిచి తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. కథంతా చెప్పాను. వాడు రెండు చేతులతో గొంగడి అంచులు బిగించి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూడుసార్లు తట్టాను. మళ్లీ తట్టాను. ఎడమ చేత్తో కూడా తట్టి చూశాను.

"లేస్తలేదేందక్కా?" అని కళ్లు తెరవకుండానే అడిగాడు. అంచులు ఇంకా గట్టిగా పట్టుకుని, "నా కాళ్ల సంగతి దీనికి గూడ ఎరుకైందా?" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది.

అరుగు మీద నుంచి తాతయ్య అంతా చూస్తూనే ఉన్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన లేచి పక్కింటి అత్తను పిలిచాడు. ఇద్దరూ గొంగడి కొసలు చెరో రెండు పట్టుకుని తమ్ముణ్ణి పైకి లేపారు. అలాగే మోసుకుంటూ మిద్దె మెట్లెక్కారు. డెబ్బై ఏళ్ల మనిషి, ప్రతి మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. పైనుంచి ఊరంతా చూసి, "మన బర్రె గింతే ఉన్నదా" అని తమ్ముడు పకపకా నవ్వాడు. జ్వరం తర్వాత వాడు నవ్వగా వినడం అదే మొదటిసారి. నీళ్ల బిందెతో వచ్చిన అమ్మ వాకిట్లో నిలబడిపోయింది.

నవ్వు ఆగాక వాడు అడిగాడు. "రేపు నడుస్తనా తాతా?"

తాతయ్య వాడి కింద గొంగడి సరిచేశాడు. "నాకు తెల్వదు బిడ్డా," అన్నాడు. "ఎత్తుకునుడైతే నాకు శాతనైతది. శాతనైనన్ని దినాలు ఎత్తుకుంట."

ఆయనకు రెండేళ్లే చాతనైంది. తర్వాత ఆ పని అమ్మది, ఆ తర్వాత నాది. తమ్ముడు ఎన్నడూ నడవలేదు. తప్పకుండా నడుస్తావని చెప్పిన చుట్టాలు వస్తే వాడు గోడవైపు తిరిగి పడుకునేవాడు. తాతయ్య మీద మాత్రం ఏనాడూ కోపం పెట్టుకోలేదు.

ఇప్పటికీ ఎవరైనా నా ముందు కూర్చుని ఏడిస్తే, అంతా బాగవుతుందని చెప్పడానికి నాకు నోరు రాదు. నాకు తెలియదనే చెబుతాను. ఈ పూటకు నేను చేయగలిగిన పనేమైనా ఉందా అని అడుగుతాను. ఒక్కోసారి ఏమీ ఉండదు. అప్పుడు వాళ్ల పక్కనే కూర్చుంటాను.