సీరియల్ చూస్తూ ఒలిచిన తలంబ్రాలు

ఈ వారం కిటికీ తీస్తే చాలు, అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన ఇంట్లోకి వచ్చి కూర్చుంటోంది. తీయగా, కొంచెం మత్తుగా, సగం నిద్రలో ఉన్నట్టుంటుంది ఆ వాసన. అది తగిలినప్పుడల్లా మా పక్కింటి రాజ్యలక్ష్మమ్మ గారి హాలు నా కళ్ళ ముందుకొస్తుంది. నేల మీద చాప, చాప మీద వడ్ల రాశి, గోడకున్న టీవీలోంచి ఆ గింజల మీద పడే నీలి వెలుగు.

ఆమెను నేను పెద్దమ్మ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. వాళ్ళ పెద్దలు కోస్తా నుంచి వచ్చి ఏన్కూరు దగ్గర మా ఊళ్ళో భూములు కొని స్థిరపడ్డారు. ఉబ్బసం వల్ల నేను బడికి వెళ్ళలేకపోతే, నన్ను తన ఇంట్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆమే. చదువు చెబుతున్నట్టే ఉండేది కాదు. పప్పులో రాళ్ళు ఏరుతూ, "ఆ పద్యం మళ్ళీ ఒకసారి చెప్పవే, వినబుద్ధేస్తోంది" అనేది. అలా అడగగా అడగగా నాకు కంఠతా వచ్చేసేది. దేవుడికి దండం పెట్టడం కూడా ఆమెను చూసే నేర్చుకున్నాను.

ఏటా శ్రీరామనవమికి ముందు మా వీధి ఆడవాళ్ళం ఆమె ఇంట్లో చేరి భద్రాచలం కల్యాణానికి తలంబ్రాలు ఒలిచేవాళ్ళం. రోకలి తగలకూడదు, మర ముట్టకూడదు. రామనామం అనుకుంటూ ఒక్కో వడ్లగింజనూ గోటితోనే ఒలవాలి, గింజ విరగకూడదు. నాకు పెళ్ళి కాకముందు ఒక యేడు, సరిగ్గా దీపాలు పెట్టే వేళకే టీవీలో ఒక సీరియల్ వచ్చేది. మహాశక్తులున్న ఆరుగురి కథ అది. వాళ్ళ నాయకుడు దెబ్బతిని మంచాన పడ్డాడు. ఆ చోటు కోసం పిడుగుల్ని చేత్తో పట్టే వజ్రుడు ఒకవైపు, నీడల లోకంలో పుట్టిన తమస్వి అనే పిల్ల ఒకవైపు. తమస్వి ఎన్నిసార్లు జనాన్ని కాపాడినా, "అది నీడల జాతిది, ఎలా నమ్ముతాం" అనేవాళ్ళు మిగతావాళ్ళు. మేము రామనామం ఆపకుండానే చూసేవాళ్ళం. పెద్దమ్మ వద్దనలేదు. "చెవులు సీరియల్‌కిచ్చి పెదాలు రాముడికివ్వండి. ఆయన సర్దుకుంటాడులే" అనేది.

తమస్వి అంటే అందరికంటే ఎక్కువ ప్రాణం పెట్టింది ఎదురింటి కోటేశ్వరమ్మత్త. ఏటా బిందె మోసే పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి కాబట్టి, ఈసారి తలంబ్రాల బిందె నెత్తిన పెట్టుకుని మా అందరికీ ముందు నడిచేది తానేనని అత్త నమ్మకం.

ఒక సాయంత్రం మిరపతోటలో కూలిపని ముగించుకుని సమ్మక్క వచ్చింది. అడవి అంచున గూడెం మనిషి. గడప బయటే నిలబడి టీవీ చూస్తోంది. "లోపలికి రా సమ్మక్కా, నిలబడితే కాళ్ళు లాగవూ?" అని పిలిచింది పెద్దమ్మ. సమ్మక్క కాళ్ళు కడుక్కొచ్చి చాప అంచున కూర్చుంది. కాసేపు మా చేతుల వంకే చూసి, మెల్లగా అడిగింది.

"అమ్మా, నేను గూడ ఒలుస్త. ఇన్నేండ్ల సంది రాములోరి పెండ్లి దూరం నుంచే చూస్తున్న. నా గింజలన్న దగ్గరికి పోతయి."

కోటేశ్వరమ్మత్త చేతులు ఆగిపోయాయి. "అక్కయ్యా, ఇది దేవుడి పని. వాళ్ళ తిండీ తీరూ వేరు. ఆమె ఒలిచినవి మా వాటిలో కలిపితే మేం వేరే ఇంట్లో కూర్చుంటాం. ముందే చెబుతున్నా."

సమ్మక్క లేవబోయింది. "నేను పోత తియ్ అమ్మా. లొల్లి ఎందుకు."

పెద్దమ్మ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "సరే కోటేశ్వరీ, నీ మాటే కానీ" అని నాచేత ఇంకో ఇత్తడి గిన్నె తెప్పించి, మా గిన్నె పక్కనే పెట్టించింది. నా మనసు చివుక్కుమంది. పెద్దమ్మ లొంగిపోయిందనుకున్నాను.

ఆ తర్వాతి సాయంత్రాలు కలలో గడిచినట్టు గడిచాయి. గోళ్ళ కింద పొట్టు చిట్లే చప్పుడు ఆకుల మీద సన్నని వానలా వినిపించేది. రామనామంలో అందరి గొంతులూ కలిసిపోయేవి. టీవీ వెలుగులో చాప చుట్టూ ఉన్న చేతులన్నీ నీలంగా మారితే, ఏవి ఎవరి చేతులో తెలిసేది కాదు. గిన్నెలు మాత్రం రెండు.

నాయకుణ్ణి ఎన్నుకునే రోజు వచ్చింది. "నీడకు పుట్టినదాని వెనక నేను నడవను" అన్నాడు వజ్రుడు. కోటేశ్వరమ్మత్త మోకాళ్ళ మీద లేచింది.

"ఓరి నీ పొగరు తగలెయ్య! పుట్టుక చూస్తావేంట్రా, ఆ పిల్ల చేసిన పని కనపడదా నీకు?" అని టీవీని తిడుతూనే గుప్పిట్లో ఉన్న బియ్యాన్ని విసురుగా గిన్నెలో పోసింది.

"అయ్యో అమ్మా, గది నా గిన్నె!" అంది సమ్మక్క.

సీరియల్ ఆగి సబ్బు ప్రకటన మొదలైంది. "ఇప్పుడేం చేద్దాం కోటేశ్వరీ? నువ్వే చెప్పు" అంది పెద్దమ్మ, కూరలో ఉప్పెంత వెయ్యాలో అడిగినంత మామూలుగా. అత్త ఆ గిన్నెలో వేళ్ళు పెట్టి కదిపి చూసింది. అన్నీ తెల్లటి గింజలే. "రామనామం చెప్పి ఒలిచినవి పారబోస్తామా అక్కయ్యా" అంది తగ్గిన గొంతుతో. తనే ఆ గిన్నె ఎత్తి మా గిన్నెలోకి వంచింది. ఆ సందట్లో నాయకుడు ఎవరయ్యారో మేం చూడనే లేదు.

మర్నాడు పెద్దమ్మను అడిగాను, సమ్మక్క వచ్చిన మొదటి రోజు అత్త మాటకు ఎందుకు తలొగ్గావని. ఆమె నవ్వింది. "ఆ రోజు నేను పట్టుబట్టి ఉంటే గెలిచేది నేనే పిచ్చిదానా, సమ్మక్క కాదు. కోటేశ్వరి లేచిపోయేది, సమ్మక్క సిగ్గుతో మళ్ళీ వచ్చేది కాదు. ఇద్దరూ ఒక చాప మీద కూర్చుంటే చాలనుకున్నా. మిగతాది నా చేతిలో పని కాదు."

సమ్మక్కతో సహా మేమంతా భద్రాచలంలో బస్సు దిగాక కోటేశ్వరమ్మత్తే బిందె ఎత్తుకుని ముందు నడిచింది. గోదావరి గాలికి మా చీరలన్నీ ఒకవైపే ఎగురుతున్నాయి. గుడి ఇంకా కొంత దూరం ఉందనగా అత్త ఆగి వెనక్కి తిరిగింది.

"సమ్మక్కా, మెడ లాగుతోంది. ఇది పట్టు."

"నేనా అమ్మా?"

"మరి నీ మేనత్తా? మిరపకాయ బస్తాలు మోస్తావు, ఇది బరువా నీకు?"

గుడి మెట్ల దాకా అత్త ఆ బిందెను తిరిగి అడగలేదు. సమ్మక్క ముందు నడుస్తుంటే మేమంతా ఆమె వెనక నడిచాం. పెద్దమ్మ ఇదేమీ పట్టనట్టు పూలమ్మే ఆమెతో మల్లెల బేరం ఆడుతోంది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు. మా మహిళా సంఘంలో ఇద్దరు పదవి కోసం తగువుపడి నా వైపు చూసినప్పుడు, న్యాయం నాకు తెలిసిపోయిందన్న తొందర గొంతు దాకా వస్తుంది. అప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఈ మాటతో గెలిచేది ఎవరని నన్ను నేను అడుగుతాను. చాలాసార్లు నేనే అని జవాబు వస్తుంది. మాట మింగి, ఇద్దరికీ టీ కలపడానికి లేస్తాను. భయస్తురాలని అనుకునేవాళ్ళు అనుకుంటారు. పొయ్యి ముందు నిలబడి మాత్రం నేను రాముడికి ఒక దండం, పెద్దమ్మకు ఒక దండం పెట్టుకుంటాను.