డిస్కు మీద పెట్టిన బొట్టు

బయలుదేరేటప్పుడు మా అక్క వెనకనుంచి పిలిచినందువల్లే మా బావ ఘాట్ రోడ్డులో పడి నడుము పోగొట్టుకున్నాడని మా బంధువులందరి నమ్మకం. ఏడాదిన్నరగా ఆ మాట ఆమె వెంట తిరుగుతోంది. శుభకార్యాలకు పిలవడం మానేశారు. పొరుగింట్లో ఎవరైనా ఊరికి వెళ్తుంటే ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. ఆ మాట అబద్ధం. నిజం తెలిసినవాణ్ణి నేను. నోటితో చెబితే ఒకరు విన్నది ఇంకొకరి దగ్గర మారిపోతుంది. కాగితం మీద పెడితే మారదు. అందుకని రాస్తున్నాను.

నాకు చిత్తూరులో సైకిలు షాపు ఉంది. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. ఆ తర్వాత చదివిందంతా గ్రంథాలయంలోనే. షాపు మూసిన రోజల్లా అక్కడే కూర్చునేవాణ్ణి. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, బాల్‌బేరింగులో గుండ్లు ఎందుకు పగులుతాయి, ఇవన్నీ పుస్తకాలు చెబితేనే నాకు తెలిశాయి. మా వీధిలో ఏ మోటారు చెడినా ముందు నన్నే అడుగుతారు. ఆ సంగతి నాకు గర్వంగానే ఉండేది.

మా బావ సర్కస్‌లో ఒంటి చక్రం సైకిలు తొక్కేవాడు. సర్కస్ మూతపడ్డాక తిరుపతికి వచ్చి అక్కతో, తన తల్లితో కాపురం పెట్టాడు. బట్టల అంగళ్ళ బోర్డు వీపుకు కట్టుకుని బజార్లలో అదే సైకిలు తొక్కేవాడు. నలభై ఐదేళ్ళకు మోకాళ్ళు అరిగిపోయాయి. అలాంటప్పుడు బెంగళూరు దగ్గర కొండ మీద సాహస క్రీడలు నేర్పే ఒక క్యాంపు వాళ్ళు కబురు పంపారు. ఒంటి చక్రం మీద ఘాట్ రోడ్డు మొత్తం దిగి వీడియో పంపితే నేర్పే ఉద్యోగం ఇస్తామన్నారు. అదొస్తే ఎండలో బోర్డు మోసే పని తప్పుతుంది.

మామూలు సైకిలైతే దిగుడులో కాళ్ళు ఊరకే పెట్టుకుని కూర్చోవచ్చు. ఒంటి చక్రానికి ఆ సుఖం లేదు. పెడళ్ళు నేరుగా ఇరుసుకే బిగించి ఉంటాయి. చక్రం తిరిగినంతసేపూ కాళ్ళు తిరగాల్సిందే. దిగుడులో చక్రం పరుగెత్తుతుంటే కాళ్ళతోనే వెనక్కి తొక్కిపట్టాలి. బావ మోకాళ్ళతో అది అయ్యే పని కాదు. బ్రేకు కావాలి.

ఆ బ్రేకు ఎంచడం నా పని అయింది. రెండు నెలలు పట్టింది.

రిమ్మును పట్టే రబ్బరు బ్రేకు మొదటే వద్దనుకున్నాను. దూరం దిగుడులో రిమ్ము వేడెక్కితే లోపలి ట్యూబు పేలుతుంది. కాబట్టి ఇరుసు పక్కన చక్రంతోపాటు తిరిగే ఉక్కు పళ్ళేన్ని పట్టే డిస్కు బ్రేకే. డిస్కు బిగించడానికి వీలున్న పాత ఒంటి చక్రం సైకిలు ఒకటి బెంగళూరులో దొరికింది. తర్వాత తీగతో లాగేదా, నూనె ఒత్తిడితో పట్టేదా? ఐటిఐ విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో ఆయిల్ బ్రేకు గురించి నాలుగు పేజీలున్నాయి. వాటిని నోట్‌బుక్‌లోకి ఎత్తి రాసుకున్నాను. ఒక్క వేలితో మెల్లగా నొక్కినా సమానంగా పడుతుంది. అదే ఖాయం చేశాను. డిస్కు మాత్రం పెద్దది తీసుకుందామన్నాను. పెద్ద డిస్కు గట్టిగా ఆపుతుందని నా చదువు.

బావ నవ్వాడు. "బామ్మర్దీ, పుస్తకం రాసినోడు ఎప్పుడన్నా ఒంటి చక్రం ఎక్కినాడా?"

"ఎక్కకుంటే ఏమి? లెక్క లెక్కే గదా."

"నీ లెక్క తగలెయ్య. నాకి ఆపే బ్రేకు వద్దప్పా. పట్టుకోనుండే బ్రేకు కావల్ల. చక్రం టక్కన ఆగితే నేను ఆగుతానా? మూతి ముందు పోతాది, మనిషి ఎనక పోతాడు."

అతను చెప్పింది నిజం. ముందు చక్రం లేని బండి అది. చిన్న డిస్కు తీసుకున్నాను. డిస్కును ఒరుసుకునే ప్యాడ్లలో రెండు రకాలుంటాయి. లోహపు పొడితో చేసినవి గట్టివి, ఉన్నట్టుండి పడతాయి. రెసిన్‌తో చేసినవి మెత్తనివి, నిదానంగా పడతాయి. మెత్తనివే కొన్నాను. వాటికొక జబ్బుంది. నూనె చుక్క తగిలితే స్పాంజిలా పీల్చుకుంటాయి, ఇక పట్టవు. ఆ సంగతి నాకు తెలుసు. "డిస్కును వేలితో గూడా తాకద్దు, చేతికుండే జిడ్డు చాలు" అని బావకు నేనే చెప్పాను.

ఊరి బయట చిన్న దిగుళ్ళలో పది రోజులు తొక్కి చూశాడు. సీటు కింద ఉన్న బ్రేకు పిడిని ఒక వేలితో పట్టుకుని, కూర్చున్నచోట కూర్చున్నట్టే దిగేవాడు. "మోకాళ్ళు నాయే అనిపిస్తాండాది" అన్నాడు.

ఘాట్ రోడ్డు దిగే రోజు పొద్దున బావ ఇంటి ముందు సైకిలుకు పూజ చేశాం. నా షాపులో ప్రతి ఆయుధపూజకూ స్పానర్లకూ పంపులకూ బొట్లు పెట్టేది నేనే. నున్నటి ఉక్కు మీద పొడి కుంకుమ నిలవదు, నువ్వుల నూనెలో కలిపి పెట్టడం మా నాయన కాలం నుంచి అలవాటు. ఆ రోజూ కలిపాను. సీటుకు పెట్టాను, చక్రానికి పెట్టాను. కొత్తగా వచ్చింది డిస్కు కదా, దానికి మూడు బొట్లు పెట్టాను. ప్యాడ్లు నాకు గుర్తు రాలేదు. నా వేలికి తెలిసిన పని అది చేసేసింది. పెట్టిన బొట్టును ఎవరైనా తుడుస్తారా? తుడవలేదు.

సైకిలునూ నా మోపెడ్‌నూ ఎక్కించుకున్న వ్యాను కొండకు బయలుదేరుతుండగా అక్క వీధిలోకి పరుగెత్తుకొచ్చింది. "యోవ్, నీళ్ళ సీసా మరిసిపోతాండావు!" అని కేకేసింది. వాళ్ళ అత్త వాకిట్లోనే మెటికలు విరిచింది. "పొయ్యేటోణ్ణి ఎనకనుంచి పిలిసే ఆడది యాడన్నా ఉంటాదా?" అంది. బావ సీసా అందుకుని నవ్వాడు.

కొండ పైనుంచి అతను దిగుతుంటే నేను వెనకాల మోపెడ్ మీద వచ్చాను. ఫోను హ్యాండిల్‌కు కట్టి వీడియో తీస్తున్నాను. మొదటి మలుపు దాటాక బ్రేకు కీచుమనడం మొదలుపెట్టింది. పది రోజులూ రాని చప్పుడు అది. కొత్త ప్యాడ్లు కదా అనుకున్నాను. రెండో మలుపు దాటాక అతని కాళ్ళు వేగం పెంచాయి. కుడిచెయ్యి పిడిని గుంజుతోంది, ఒక వేలితో కాదు, పిడికిలి మొత్తంతో. మూడో మలుపు దగ్గర పాదాలు పెడళ్ళ నుంచి ఎగిరిపోయాయి. అతను వెల్లకిలా రోడ్డు అంచు రాతిగోడ మీద పడ్డాడు. శబ్దం చిన్నదే. నేను మోపెడ్ ఆపి దగ్గరికి పోయేసరికి కళ్ళు తెరిచే ఉన్నాడు. "కాళ్ళు యాడుండాయి సూడు" అన్నాడు. కాళ్ళు అతనికే ఉన్నాయి.

వేలూరు ఆసుపత్రిలో నలభై రోజులుంచుకుని పంపేశారు. నడుము కింద ఇక చలనం రాదన్నారు.

సైకిలును షాపుకు తెచ్చి ప్యాడ్లు విప్పాను. వాటి ఒరుసుకునే వైపు నల్లగా, అద్దంలా మెరుస్తోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడిన నువ్వుల నూనె వాసన. అప్పుడు తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాను. అక్క అత్త ఆమెను నా ఎదుటే "నోటి దరిద్రం" అని తిడుతుంటే కాఫీ తాగి లేచి వచ్చేవాణ్ణి. ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి నా గురించి రాయలేను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇక ఓర్చుకోలేక బావ మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. బొట్లు, నూనె, ప్యాడ్లు. అతను పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"నాకి తెలుసులే బామ్మర్దీ" అన్నాడు. "పిడి పట్టుకుంటానే జారినాది. ఆ వాసన గూడా తగిలినాది."

"తెలిసి అక్కను అంటాంటే ఊరికే ఎట్లుండినావు?"

"నిన్నంటే నువ్వు ఈ గడప తొక్కుతావా? వారానికోసారి నువ్వొచ్చి నన్ను ఎత్తి కూసోబెట్టల్ల గదా. అది పెండ్లాం. పడి ఉంటాది."

వెనక్కి తిరిగాను. గుమ్మంలో అక్క గంజి గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వచ్చి అతని తల ఎత్తి గంజి తాగించింది, మూతి తుడిచింది. తర్వాత నన్ను వాకిట్లోకి తీసుకుపోయింది. అక్కడ కూర్చున్న అత్తకు మళ్ళీ మొదట్నుంచీ చెప్పించింది.

అత్త చెవులు మూసుకుంది. "కుంకం మనిసిని పడేస్తాదా? కండ్లు పోతాయి నీకి! అక్కను కాపాడుకునేదానికి అమ్మవారి మీద నింద ఏస్తావా?"

అక్క నా వైపు తిరిగింది. "రాయి తమ్ముడా" అంది నాతో. "మనోళ్ళు ఎంతమంది ఉండారో అన్ని కాపీలు తీపించు."

ఈ రాతకు సాయం చేసినవాళ్ళ పేర్లు రాయడం లేదు, రాస్తే మాటలు వాళ్ళ మీదికీ పోతాయి. అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథపాలకురాలికి, ఆ రోజు మామిడికాయల గంపలు రోడ్డు పక్కన దించేసి బావను వేలూరుకు చేర్చిన మినీలారీ డ్రైవరుకు, వారం వారం వచ్చి అతని కాళ్ళు వంచి చాచే ఫిజియోథెరపీ అమ్మాయికి నా నమస్కారాలు. అక్కకు కూడా. చిత్తుప్రతి చదివి వినిపిస్తే మూడు చోట్ల ఆపి, "ఈడ నీ సదువు సూపించుకుంటాండావు, కొట్టెయ్" అంది. కొట్టేశాను. మంచం దగ్గర బావ అన్న "పడి ఉంటాది" మాట కూడా తీసేద్దామా అని అడిగాను.

"అది ఉండనీ" అంది.