ఐదింటి వార్తలప్పుడే

మా బావ సినిమా చూసే మనిషి కాదు. సగం జీవితం సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆడించాడు కానీ, ఒక్క సినిమా కథ చెప్పమనండి, నీళ్లు నములుతాడు. ఏ రీలు తోక దగ్గర గీతలు పడ్డాయి, ఎక్కడ బొమ్మ మసకబారింది, ఏ పాటలో హీరో నెత్తి తెర దాటిపోయింది, అవి అడగండి, పూస గుచ్చినట్టు చెబుతాడు. అక్క పెళ్లయిన కొత్తలో, జనం ఏడ్చుకుంటూ బయటికొచ్చే సినిమా ఒకటి ఆడుతుంటే, చివర్లో ఆ పిల్ల బతికిందా బావా అని అడిగాను. "ఆ రీల్లో ఫోకస్ కాస్త పోయింది" అన్నాడు. అలాంటి మహానుభావుడికి మా అక్కను ఇచ్చాం.

అక్కకు చిన్నప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది, దాంతోపాటే మాటా పోయింది. మాట రాని భార్య, మాట్లాడటం ఇష్టం లేని మొగుడు, ఈడూ జోడూ కుదిరిందిలే అని మా నాన్న చేతులు దులుపుకున్నాడు. చిత్రమేమిటంటే నిజంగానే కుదిరింది. అక్క రోజూ సాయంత్రం మొదటి ఆటకు వెళ్లి, చివరి వరసలో, ప్రొజెక్టర్ క్యాబిన్ కిటికీకి సరిగ్గా కింద కూర్చునేది. క్యాబిన్ నుంచి తెర దూరం. బొమ్మ ఎలా పడుతోందో ఆడించేవాడికన్నా చూసేవాళ్లకే బాగా తెలుస్తుంది. మసగ్గా ఉంటే అక్క చేయి పైకెత్తి రెండు వేళ్లు ఒకదానికొకటి రాసేది. బొమ్మ కిందికి జారితే అరచెయ్యి ఎత్తేది. అంతా సరిగ్గా ఉంటే పిడికిలి పైకెత్తి, మెల్లగా విప్పేది. కిటికీలోంచి జారే వెలుతురులో ఆ చెయ్యి ఒక్కటే బావకు కనపడేది. వాళ్ల కాపురంలో మాటలంటే అవే.

వాళ్ల కూతురు, నా మేనకోడలు, మాట కన్నా ముందు అమ్మ సైగలు నేర్చింది. పెరిగాక ఆ విద్యే చదువుకుని టీవీలో చేరింది. సాయంత్రం ఐదింటి వార్తల్లో, తెర కింద మూలన ఒక చిన్న గడిలో నిలబడి, వినపడనివాళ్ల కోసం వార్తలన్నీ చేతులతో చెబుతుంది. ఊరంతా ఆ గడిని పట్టించుకోకుండా మిగతా తెర చూస్తుంది. మా బావ మాత్రం ఆ గడినే చూస్తాడు. ఎందుకంటే ఆయన కూతుర్ని చూడగలిగేది అందులోనే.

ఆ పిల్ల తండ్రితో మాట్లాడదు. ఎందుకో చెబితే మీరూ మాట్లాడరు. అక్క ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం పరిస్థితి చెయ్యి దాటిపోతోందని డాక్టరు చెప్పాడు. పిల్ల పరుగున హాలుకు వెళ్లి, క్యాబిన్ మెట్లెక్కి, ఆట ఆపి లైట్లు వేసి రమ్మని తండ్రి కాళ్లావేళ్లా పడింది. హాలు నిండుగా ఉంది. ఆట మధ్యలో లైట్లు వెయ్యడమన్నది ఆయన పుట్టాక చేసిన పని కాదు. ఇంకొక్క రీలే, అయిపోగానే వస్తానన్నాడు. వచ్చాడు. అప్పటికి అక్క మొహం మీద దుప్పటి కప్పేశారు. ఆ రోజు ఆయన్ని చంపెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. ఇప్పటికీ తలుచుకుంటే వస్తుంది. అయినా ఆదివారాలు వెళ్లి కూర్చుంటాను. అక్క తాలూకు వస్తువుల్లాగే ఆయనా మిగిలిపోయాడు, ఏం చేస్తాం.

తరవాత హాలు మూతపడింది. మెషీన్లు పాత ఇనుము కింద పోయాయి. బావ ఒక్క పెట్టె మాత్రం ఇంటికి మోసుకొచ్చాడు. హాల్లో లైట్లు మెల్లమెల్లగా తగ్గించే డిమ్మరు అది, ఇనప డబ్బాకు బొంగరమంత గుండీ. దాన్ని గదిలో గోడకు బిగించుకుని, నన్ను పిలిచి గోడలకు నల్లరంగు వెయ్యమన్నాడు. నాది రంగులు వేయించే పనే. ఇది ఇల్లనుకున్నావా, బొగ్గుల కొట్టనుకున్నావా అని చెడామడా తిట్టి, చివరికి నేనే వేశాను. డిమ్మరు చుట్టూ అంచులు దిద్దింది కూడా నేనే.

పాత టీవీలో కూతురి గడి అగ్గిపెట్టెంత ఉండేది. మనిషి కనపడేది కానీ వేళ్లు కలిసిపోయి ముద్దలా ఉండేవి. వేళ్లు కనపడకపోతే ఇంకేం కనపడ్డట్టు అని, బావ ఒక రోజు దుకాణానికి వెళ్లి గోడంత హెచ్‌డీ టీవీ కొనుక్కొచ్చాడు. దుకాణంలో దాని మీద ఆకు చూపిస్తే ఆకు ఈనెలు కనపడ్డాయట. జీవితంలో మొదటిసారి ఆయన ఒక వస్తువు గురించి నాకు ఫోన్ చేసి చెప్పాడు.

మర్నాడు మళ్లీ ఫోన్. ఈసారి గొంతు పడిపోయి ఉంది. ఐదింటి దాకా నిక్షేపంలా ఉన్న బొమ్మ, వార్తలు మొదలవగానే గళ్లు గళ్లుగా విడిపోయిందట. పాత టీవీ అయితే చుక్కలు పడుతూనో వణుకుతూనో ఏదో ఒకటి చూపించేది. ఈ కొత్తదానికి అలాంటి దయాదాక్షిణ్యాలు లేవు. చెయ్యి ఒక గడిలో, మొహం ఇంకో గడిలో ఆగిపోయి, కాసేపటికి సిగ్నల్ లేదని రాసి చూపిస్తుంది. వార్తలయ్యాక మళ్లీ అద్దంలా ఉంటుంది. ఆ తరవాతి రోజూ అంతే. ఆ తరవాతా అంతే.

ఇక బావ ఇల్లు పీకి పందిరేశాడు. ప్లగ్గులన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాడు. డాబా ఎక్కి యాంటెన్నాను నాలుగు దిక్కులా తిప్పాడు. కొత్త వైరు తెచ్చి, మేడ మీంచి గదిలోకి, పాత వైరులాగే లైటు వైరు వచ్చే గొట్టంలోనే దూర్చి లాగాడు. అయినా గళ్లే. అప్పుడు అనుమానం ఇరుగుపొరుగు మీదికి మళ్లింది. పైవాటా ఆవిడ సరిగ్గా ఐదింటికే మిక్సీ వేస్తోందని పైకి వెళ్లి నిలదీశాడు. ఆ మహాతల్లి ఓపికకు దండం పెట్టాలి, రెండు రోజులు వంట వాయిదా వేసుకుని కూర్చుంది. కిందవాటా దర్జీ మిషన్ మోటారు ఆపేసి, అదే అదనని టీ తాగొచ్చాడు. ఎవరేం ఆపినా తెర మీద కూతురు ముక్కలైపోతూనే ఉంది.

మెకానిక్కును పిలిచాడు. పొద్దున వచ్చాడు, బొమ్మ బంగారంలా ఉంది. సాయంత్రం రమ్మన్నాడు, సాయంత్రమూ వచ్చాడు. లైటు వేసుకుని, టీవీ వెనక కూర్చుని, వార్తలు మొదటినుంచి చివరిదాకా పరీక్షించాడు. ఒక్క గడి కూడా చెదరలేదు. వెనక తల దూర్చి, చేతులు అడ్డం పెట్టి పనిచేస్తుంటే బావకు కూతురు సగం కూడా కనపడలేదు. మర్నాడు ఒంటరిగా కూర్చున్నాడు, మళ్లీ గళ్లు. మళ్లీ పిలిచాడు. ఈసారీ మెకానిక్కు ఉన్నంతసేపూ ఏమీ కాలేదు.

ఆ రోజు నేనూ అక్కడికి వెళ్లాను. మెకానిక్కు నన్ను మెట్ల మీదికి తీసుకెళ్లి గొంతు తగ్గించి చెప్పాడు.

"ఏమనుకోకండి. టీవీలో ఏమీ లేదు. పెద్దాయన ఒక్కరే ఉంటారు కదా. ఎవరైనా వస్తే బాగుండునని పిలుస్తున్నారేమో."

మంచివాడే, దెప్పిపొడుపుగా అనలేదు. అందుకే మరీ గుచ్చుకుంది. లోపలికి వెళ్లేసరికి బావ గోడవైపు చూస్తున్నాడు. ఆయన చెవులు బాగానే పనిచేస్తాయి.

"నేను ఒక్కణ్నే ఉన్నప్పుడే పాడవుతుందిరా," అన్నాడు. "అబద్ధం చెప్పట్లేదు."

నమ్మానని చెప్పాను. నిజం చెప్పొద్దూ, నమ్మలేదు. ఆ తరవాత ఆయన మెకానిక్కును పిలవలేదు. నాకూ ఫోన్ చెయ్యలేదు.

అంతలో మేనకోడలు ఫోన్ చేసింది. టీవీ మానేస్తున్నానని, వినపడని పిల్లల బడిలో టీచరుగా చేరుతున్నానని, శుక్రవారమే చివరి వార్తలని చెప్పింది. మీ నాన్న రోజూ చూస్తాడే అన్నాను. వెనకటికి ఒకసారి చెప్పినప్పుడు మాట మార్చింది. ఈసారి మార్చలేదు. నేను వెళ్లి బావకు చెప్పాను. "శుక్రవారమా," అని ఒక్క మాట అన్నాడు. టీవీ కొన్న దగ్గర్నుంచి ఆయన కూతుర్ని వార్తల్లో ఒక్క రోజు కూడా సరిగ్గా చూడలేదు. శుక్రవారం పోతే ఇక చూడడానికేమీ ఉండదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

శుక్రవారం పని ఎగ్గొట్టి ముందే వెళ్లాను. కుర్చీ ఒక్కటే ఉంది కాబట్టి నేను మంచం అంచున కూర్చున్నాను. బావ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. తలుపు గడియ పెట్టాడు, కిటికీ మూశాడు. ఐదవుతుండగా గోడ దగ్గరికి వెళ్లి డిమ్మరు మీద చెయ్యి వేసి, మెల్లగా, హాల్లో తగ్గించేవాడే అలా, లైటు తగ్గించాడు. అది పూర్తిగా ఆరదు. చీకట్లో లేచేవాళ్లకు దారి కనపడాలని, కాస్త వెలుతురు మిగిలేలాగే దాన్ని కట్టారు. ఆ గుడ్డి వెలుతురులో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరైనా ఉన్నప్పుడు ఇలా చెయ్యడు. నేను ఇంట్లోవాణ్నని చేశాడో, ఆఖరి రోజని చేశాడో.

వార్తలు మొదలయ్యాయి. మూలన నా మేనకోడలు చేతులు జోడించింది. అంతే, ఆ జోడించిన చేతులు నాలుగు ముక్కలై నిలిచిపోయాయి.

బావ లేవలేదు, తిట్టలేదు. ఎవరో చెంపమీద కొట్టినట్టు అలాగే కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాయదారి టీవీ వెనక ఏముందో చూద్దామని లేచాను, చీకట్లో ఏ వైరు ఏదో తెలిస్తే ఒట్టు. గోడ దగ్గరికి వెళ్లి లైటు పూర్తిగా పెంచాను.

బొమ్మ కలుసుకుంది. కూతురి చేతులు కదిలాయి.

బావ చటుక్కున లేచి వచ్చాడు. "లైటు తగ్గించరా, మొదలైంది," అని అలవాటు కొద్దీ గుండీ తిప్పేశాడు. మళ్లీ గళ్లు. నేను పెంచాను, బొమ్మ బాగుపడింది. ఆయన తగ్గించాడు, పాడైంది. యాంటెన్నా వైరు ఆ లైటు వైరు గొట్టంలోంచే లాగాడన్నది అప్పుడు గుర్తొచ్చింది నాకు. లైటు తగ్గినప్పుడల్లా డిమ్మరు కరెంటులో గోల పెడుతోంది, ఆ గోల పక్క వైరులోకి పోతోంది. ఇన్నాళ్లూ తన కూతురి బొమ్మను తన చేత్తోనే చెడగొట్టుకున్నాడు. మెకానిక్కు ముందు లైటు తగ్గించేవాడు కాదు కాబట్టి వాడికెప్పుడూ ఏమీ కనపడలేదు.

డబ్బాను గోడలోంచి ఊడదీసేంత టైము లేదు. వార్తలు నడిచిపోతున్నాయి.

"బావా, లైటు వెయ్యి," అన్నాను.

అన్నాక గాని తెలియలేదు, ఆ మాట ఆయనకు ఇంతకుముందు ఎవరన్నారో. ఆయన గుండీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. తెర వంక కాదు, గోడ వంక చూస్తున్నాడు. తరవాత గుండీని పూర్తిగా, చివరిదాకా తిప్పేశాడు.

ఆ గదిని వెలుతురులో నిదానంగా చూసింది నేనూ అప్పుడే. నేను వేసిన నలుపు పెచ్చులూడుతోంది. ఒక కుర్చీ, ఒక కంచం, ఒక గ్లాసు. కుర్చీ చేతులు రెండూ అరిగి తెల్లబడ్డాయి. ఇంత చీకట్లో ఇన్నేళ్లు ఎలా ఉన్నాడో అనిపించింది. బావ మాత్రం తెర దగ్గరగా జరిగి కూర్చున్నాడు. కూతురి చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు కనపడ్డాయి. మాట పూర్తయినప్పుడల్లా అక్కలాగే చిటికెన వేలు కాస్త విడిగా నిలబడటం కనపడింది. చదువుకుని నేర్చిన ఆ సైగలకు అర్థం ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. వరదలో, ఎన్నికలో, ఏవో చెబుతోంది. ఆయన రెప్ప వెయ్యలేదు.

వార్తలు అయిపోయాయి. ఆ పిల్ల చేతులు జోడించి ఒక్క క్షణం నిలబడింది. బావ కుర్చీలోంచి చెయ్యి తల పైకెత్తాడు. పిడికిలి బిగించి, మెల్లగా విప్పాడు. అక్క చివరి వరసలో కూర్చుని ఎత్తే చెయ్యి. తెర మీద సబ్బు ప్రకటన వచ్చాక కూడా ఆ చెయ్యి దించలేదు. నేను ఏడ్చాను. దాచుకోవడానికి ఆ వెలుతురులో చోటు కూడా లేదు.

కాసేపు కూర్చుని, చీకటి పడే వేళకు ఇంటికి నడిచి వెళ్తుంటే మేనకోడలి నుంచి వీడియో కాల్. ఇంకా స్టూడియో మేకప్ తుడుచుకోలేదు. చూశాడా మామయ్యా అంది. చూశాడన్నాను. ఏమన్నాడు అంది. ఏమీ అనలేదమ్మా అని, ఫోన్ ఎడం చేతిలోకి మార్చుకుని, వీధి దీపం కింద ఆగి, కుడి చెయ్యి తల పైకెత్తి పిడికిలి విప్పి చూపించాను.

చాలాసేపు ఆ చేతినే చూసింది.

"చీకటి చేసుకుని చూశాడా?"

"లేదు. లైటు వేసుకునే చూశాడు. మధ్యలో లేచి వేశాడు."

ఫోన్‌లో ఆమె మొహం పక్కకు తిరిగింది. ఎవరో పిలుస్తున్నట్టు వెనక ఏదో చప్పుడు. ఇక పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"ఆదివారం వెళ్తావా?" అని అడిగింది.

వెళ్తానన్నాను.

"వెళ్లినప్పుడు చెప్పు," అని పెట్టేసింది. ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో అనలేదు. నేను అక్కడే ఆగి, బావకు ఇప్పుడే ఫోన్ చెయ్యనా, ఆదివారం దాకా ఆగనా అని ఆలోచించాను. ఆయన గది కిటికీ వీధి చివర కనపడుతూనే ఉంది, ఎప్పుడు తెరిచాడో. లైటు ఇంకా తగ్గించలేదు.