చెవితో కాచిన నెయ్యి

ఇరవై రెండేళ్ళు చినబాబు మిఠాయి కొట్టులో నెయ్యి కాచిన అప్పాయమ్మను, ఒక్క గుండిగ మాడిందని పొయ్యి దగ్గర్నుంచి లేపేశారు. అది కూడా చాటుగా కాదు. పాలకొల్లు బజారులో, సాయంత్రం పూట, కొట్టు నిండా జనం ఉండగా చినబాబు ఆ నల్లటి నెయ్యి గరిటెతో పైకెత్తి చూపించాడు.

"చూడండి బాబూ! మహాతల్లి పొయ్యి ముందు కూచుని నిద్రపోయింది!"

మర్నాటి నుంచి ఆవిడ పని దొడ్లో అంట్లు తోమడం. పొయ్యి దగ్గరికి జంతికలు వేసే చిట్టియ్య వచ్చాడు.

అప్పాయమ్మ నిద్రపోలేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు, పొయ్యికి తెలుసు. అయినా పీచూ బూడిదా తీసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

ఇది అన్యాయమని కొట్టులో మండిపడ్డవాడు ఉదయభాస్కర్ ఒక్కడే. అతను పొట్లాలు కట్టేవాడు. డిగ్రీ రెండుసార్లు తప్పాడు. శాఖా గ్రంథాలయంలో ఉన్న సైన్సు పుస్తకాలన్నీ చదివేసి, ఇంత తెలిసినవాడి చేత లోకం జిలేబీ పొట్లాలు కట్టిస్తోందని లోకం మీద అలిగి ఉన్నాడు. ఎవరికి అన్యాయం జరిగినా అందులో తన వాటా ఉన్నట్టు బాధపడేవాడు.

వారం తిరక్కుండా అతనికి ఒక సంగతి దొరికింది. దొడ్లో కాలువ పలక కింద పందికొక్కు చచ్చింది. ఆ కంపుకి కొట్టు కొట్టంతా ముక్కులు మూసుకుని బజారులోకి పరిగెత్తింది. అప్పాయమ్మ మాత్రం ఆ పలక మీదే కూచుని, క్యారేజీ విప్పుకుని, చేపల పులుసు అన్నం కలుపుకుంటోంది.

"పిన్నీ! నీకు వాసన రావట్లేదా?" భాస్కర్ చేతిరుమాలు లోంచి అరిచాడు.

"దేనిది, పులుసుదా?"

"పులుసుది కాదు పిన్నీ, చచ్చినదాంది!"

ఆవిడ చేతిలో ముద్ద తిరిగి క్యారేజీలో పెట్టేసింది. "ఎవరితోనూ అనకు నాయనా" అంది.

ఏడాది క్రితం పెళ్ళికని నరసాపురం రేవు దాటుతూ పంటు పడవ మీద జారి వెల్లకిలా పడింది. తల వెనక కోడిగుడ్డంత బొప్పి కట్టింది. బొప్పి తగ్గింది గాని వాసన పోయింది. పెళ్ళిభోజనంలో గుమ్మడికాయ దప్పళం తింటే ఉప్పూ పులుపూ తప్ప ఇంకేం తెలియలేదు. వంటవాళ్ళకి చేతకాలేదనుకుంది. ఇంటికొచ్చి తన చేత్తో వండుకుని తిన్నాక వంటవాళ్ళ మీద కోపం పోయింది, భయం పట్టుకుంది.

భాస్కర్ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి తన చదువు ఒకరికి అక్కరకొచ్చింది. అంట్ల గుట్ట పక్కన పీట వేసుకుని పాఠం మొదలెట్టాడు.

"ముక్కు పైన జల్లెడలాంటి ఎముక ఉంటుంది పిన్నీ. ఆ చిల్లుల్లోంచి సన్నటి నరాలు మెదడులోకి పోతాయి. వెల్లకిలా పడేసరికి లోపల మెదడు కదిలి ఆ దారాలు తెగిపోయుంటాయి. నాలుకకి తీపి, పులుపు, ఉప్పు, చేదు తప్ప పెద్దగా ఏం తెలీదు. మిగతా రుచంతా ముక్కుదే."

"అయితే ఇన్నాళ్ళూ నాలిక్కి పేరూ, ముక్కుకి చాకిరీనా?"

"అంతే! ఇంకో సంగతి విను. చెవిలో పడ్డదైనా, కంట్లో పడ్డదైనా మండలాఫీసులో అర్జీలాగా ముందు మెదడు నడుమ ఒక గుమాస్తా దగ్గరికి పోవాలి. ఆయన చూసి ఏ సెక్షన్‌కి పంపాలో అక్కడికి పంపుతాడు. వాసన అలాక్కాదు, గుమాస్తాని లెక్కచెయ్యకుండా సరాసరి జ్ఞాపకాల గదిలోకి దూరిపోతుంది."

"నీకింకా ఉద్యోగం రాలేదంటే ఆ గుమాస్తా నీకు తెలిసినోడు కాదన్నమాట" అంది అప్పాయమ్మ, గిన్నె బోర్లిస్తూ.

భాస్కర్ కొంచెం నొచ్చుకున్నాడు గాని ఆగలేదు. ఆ నరాలు మళ్ళీ మొలవచ్చని ఎక్కడో చదివానంటూ, రోజూ పొద్దున్నే లవంగం, కర్పూరం, ఇంగువ తెచ్చి ఆవిడ ముక్కు కింద పట్టేవాడు. ఆవిడ కళ్ళు మూసుకుని చేతులు జోడించేది. "గంట కూడా కొట్టు నాయనా, హారతి సగంలో ఉంది." నెల గడిచింది. కర్పూరం అయిపోయింది. ముక్కు ఉలకలేదు.

ఇక అతను ఆవిడ కోసం న్యాయపోరాటానికి దిగాడు. ఎవరితోనూ అనకని ఆవిడ అడిగిన మాట న్యాయం ముందు చిన్నదనిపించింది. సరాసరి చినబాబు దగ్గరికి వెళ్ళి, "ఆవిడ నిద్రపోలేదండి. వాసన తెలియని మనిషండి. నరాలు తెగిపోయాయండి, ఆవిడ తప్పేం లేదండి" అని జల్లెడ ఎముకతో సహా అంతా చెప్పాడు.

చినబాబు నోరు తెరుచుకుని విన్నాడు. "అంటే ఏడాదిగా ముక్కు లేని మనిషి చేత నెయ్యి కాయించానా! నిద్రపోయిందంటే మళ్ళీ ఎప్పుడైనా పిలుద్దామనుకున్నాను. ఇంక ఆ పొయ్యి గది గడప తొక్కనివ్వను."

మాట దొడ్లోకి చేరింది. అప్పాయమ్మ గుండిగ కింద పడేసి నిలబడింది.

"భాస్కరం, నా కేసు భలే వాదించావు! జరిమానాతో పోయేదానికి ఉరి వేయించావు."

అతను తలెత్తలేకపోయాడు. "నిజం చెబితే..."

"నిజమంతా నీకు తెలుద్దా? ముక్కు పోయి ఏడాదైంది. మరి నెయ్యి మొన్నటిదాకా మాడలేదేం? ఆ ఏడాదీ ఎవరు కాచారనుకున్నావు?"

ఇంత చిన్న లెక్క అతనికి ఏ పుస్తకంలోనూ తగల్లేదు. ఆవిడే చెప్పింది. వాసన పోయాక నెయ్యి చెవితో కాస్తోంది. వెన్న కరిగి నీరున్నంతసేపూ గలగలమంటుంది. నీరు ఇంకుతూంటే చిటపటలాడుతుంది. ఆ చిటపట తగ్గి, సద్దుమణిగేటప్పుడు తమలపాకు వెయ్యాలి. ఆకు గలగల్లాడకుండా సన్నగా, పొడిగా చిటచిటమంటే దించెయ్యాలి. ఆలస్యమైతే మాడుతుంది. మాడిన రోజుకి రెండు రోజుల ముందే, కరెంటు కోతలకని చినబాబు డీజిల్ జనరేటరు తెచ్చి పొయ్యి గది గోడకి ఆనించి పెట్టాడు. అది దడదడలాడుతుంటే నెయ్యి మాట వినపడలేదు.

భాస్కర్ అప్రయత్నంగా, "అవును పిన్నీ, రాజమండ్రి వంతెన పక్కవాళ్ళకి రైలు చప్పుడుకి మెలకువ రాదంటారు. చప్పుడు అలవాటైతే మెదడు పట్టించుకోదు. ఆగితేనే..." అన్నాడు.

"ఇప్పుడు పాఠం వద్దు. ఎల్లి ఆయన్ని పిలు."

చినబాబు వచ్చాడు. అప్పాయమ్మ కొంగు దోపుకుని అతని ఎదురుగా నిలబడింది.

"ఒక్క గుండిగండి. మీ ముందే కాస్తాను. చెడితే రేపట్నుంచి అంట్లకి కూడా రాను. కాని ఆ బండ మిషను ఆపాలండి."

"మిట్టమధ్యాహ్నం కరెంటు లేదు. ఫేన్లు ఆగిపోతే కొట్లో జనం ఉడికిపోతారే!"

"జనం ఉడికితే లేచి బైటికెళ్తారండి. నెయ్యి ఎల్లలేదు కదండీ."

ఎవరో నవ్వారు. చినబాబు ఆపమని చెయ్యూపాడు. జనరేటరు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. మిక్చరు కోసం వచ్చినవాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటూ పొయ్యి గది గుమ్మం దగ్గర చేరారు. ఒకాయన దగ్గబోతే పక్కాయన మోచేత్తో పొడిచాడు.

అప్పాయమ్మ నెయ్యి వైపు చూడనే లేదు. తల పక్కకి వంచి, ఎదుటి గోడ మీది పాత కేలండరు వైపు చూస్తూ కూచుంది. గలగల. తర్వాత చిటపట. అదీ పల్చబడింది. చిట్టియ్య ఆగలేక, "దించెయ్యండి, మాడుద్ది" అన్నాడు. "ఊరుకో, మాట్లాడనీ దాన్ని" అంది ఆవిడ. కాసేపాగి ఆకు వేసింది. విన్నది. గుండిగ దించింది.

చినబాబు వంగి వాసన చూశాడు, మళ్ళీ చూశాడు. చిన్న గరిటెడు చేతిలో పోయించుకుని నాకాడు. బజారులో అన్న మాట బజారులోనే వెనక్కి తీసుకునేంత మనిషి కాదు. "జనరేటరు వెనక సందులో పెట్టండిరా" అని మాత్రం కేకేసి, చిట్టియ్యని జంతికల దగ్గరికి పంపేశాడు.

రెండేళ్ళకి భాస్కర్‌కి రాజమండ్రిలో ఒక ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దే పని దొరికింది. వెళ్ళేముందు చెప్పిపోదామని పొయ్యి గదిలోకి వచ్చాడు. ఆ తర్వాత వాళ్ళిద్దరూ మళ్ళీ కలుసుకోలేదు.

"ముక్కు లేదని ఇప్పుడేం లోటు లేదు కదా పిన్నీ?" అన్నాడు, ఆవిడ లేదంటుందనే ధైర్యంతో.

అప్పాయమ్మ మంట తగ్గించి అతని వైపు తిరిగింది.

"పొయ్యంటే చెవితో లాక్కున్నాను గాని నాయనా, చచ్చిపోయిన మా ఆయన చుట్టకంపు చెవికెక్కడ దొరుకుద్ది? పెట్లో చొక్కా ఉంది, తీసి మొహానికి పెట్టుకుంటే ఉత్త గుడ్డ. బతికున్నన్నాళ్ళూ ఆ కంపు వదిలించు సామీ అని మొక్కాను. ఆ దేవుడెంత ఆలస్యంగా ఆలకించాడో చూడు!"