ముందుగది పెద్దగా ఉండాలి

ఇయాకోపో సొంతిల్లు కావాలనుకున్నది తలదాచుకోవడానికి చోటు లేక కాదు. సమోవా దీవుల్నుంచి వలసొచ్చిన అతనిలాంటి వాళ్లకి అద్దెకి ఇళ్లు లోగన్‌లో దొరుకుతూనే ఉంటాయి. కానీ ఆదివారం చర్చి అయ్యాక బంధువులంతా భోజనానికి చేరేది ఎతువాతి ఇంటికి. ఎతువాతి అతని పెదనాన్న కొడుకు, ఇక్కడున్న వాళ్ల కుటుంబానికి పెద్ద. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో తిని, గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు ఇయాకోపో. ఒక్క ఆదివారమైనా తన గుమ్మం ముందు చెప్పులు గుట్టగా పడాలని, తన గదిలో చాపలు పరిచి వాళ్లందరికీ తన చేత్తో పెట్టాలని అతని ఆశ. ఎలాంటి ఇల్లు కావాలని ఎవరడిగినా ఒకటే మాట చెప్పేవాడు, ముందుగది పెద్దగా ఉండాలని.

మనిషి భారీగా ఉంటాడు, మాట మెత్తన. కోడిమాంసం నిలవచేసే చల్లటి గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. మొదట్లో నేరుగా బ్యాంకుకే వెళ్లాడు పాపం. అక్కడి అమ్మాయి అతని ఖాతా చూస్తూ, సమోవాకి ఇన్నిసార్లు డబ్బు పంపారేమిటని అడిగింది. ఇయాకోపో కుర్చీలో సర్దుకు కూర్చుని సంతోషంగా చెప్పాడు. ఇది మా అక్కకి, ఇది మేనల్లుడి పెళ్లికి, ఇది మా ఊరి చర్చి కప్పుకి అని. అతనికి తెలిసిన లోకంలో నలుగురికీ ఇచ్చేవాణ్ణి మించిన నమ్మకస్తుడు లేడు. ఆ అమ్మాయి అన్నీ శ్రద్ధగా రాసుకుంది. తర్వాతి వారం అప్పు ఇవ్వలేమని కబురొచ్చింది.

అప్పుడే మొగుడూ పెళ్లాం లాంగి దగ్గరికి వెళ్లారు. లాంగి చర్చి పాటల బృందంలో పిల్ల, చేపల వేపుళ్ల కొట్టు పక్కన చిన్న గది తీసుకుని లోన్ బ్రోకర్ పని మొదలుపెట్టింది. ఇయాకోపో భార్య ఫువాతినోకి మొదట్నుంచీ అనుమానమే.

"మా దగ్గర ఫీజు తీసుకోనంటున్నావు. మరి నీకేం మిగులుతుందే?"

"అప్పు వస్తే బ్యాంకే ఇస్తుంది పిన్నీ."

"అలా చెప్పు. అయితే నువ్వు వాళ్ల మనిషివన్నమాట."

"సరేలే, ఈసారి పాటల్లో నీ పక్కన నిలబడనులే," అని నవ్వి, లాంగి ఇయాకోపో వైపు తిరిగింది. "బాబాయ్, బ్యాంకు మళ్లీ ఖాతా చూస్తుంది, మూడు నెలలు గట్టిగా ఉండాలి. పెళ్లిళ్లు, చర్చి కప్పులు, ఏవీ లేవు. నీ ఖాతాలోంచి తిండి ఖర్చు తప్ప ఏదీ కదలకూడదు. తాళం చేతికొచ్చేదాకా ఎవరితోనూ అనకు కూడా. ఇల్లు కొంటున్నావంటే నీ దగ్గర మూటలున్నాయని వరస కడతారు."

ఇయాకోపో బుద్ధిగా తలూపాడు. చెప్పినట్టే చేశాడు కూడా. ఆ ఊళ్లోనే మార్స్‌డెన్‌లో పాత ఇటుక ఇల్లొకటి దొరికింది. వంటగది ఇరుకు, స్నానాలగది గోడలకి పాకుడు, ముందుగది మాత్రం అతను కలగన్నంత ఉంది. కాగితాల మీద సంతకాలయ్యాయి, అడ్వాన్సూ కట్టారు. బ్యాంకువాళ్లు ఖాతా చివరిసారి చూసి సరేనంటే చాలు.

ఆ వారమే సమోవాలో, సొంతూళ్లో మతలేనా పోయింది.

మతలేనా అతని పెద్దక్క. కన్నతల్లి చిన్నప్పుడే పోతే చంకనేసుకుని పెంచింది ఈవిడే. చాపలు అల్లి అమ్మి తమ్ముణ్ణి విమానం ఎక్కించింది. కబురు విని ఇయాకోపో గిడ్డంగి పార్కింగులో కారులో కూర్చుని ఏడ్చాడు. మొహం కడుక్కుని, సరాసరి లాంగి దగ్గరికి వెళ్లాడు.

వాళ్లలో చావంటే ఒక్కరి ఏడుపు కాదు. ఊరెళ్లే వాళ్లు బయల్దేరే ముందు అందరూ కుటుంబ పెద్ద ఇంట్లో, ఇక్కడైతే ఎతువాతి ఇంట్లో, చేరతారు. తెచ్చిన డబ్బునీ, సన్నగా అల్లిన చాపల్నీ ఒక పెద్దమనిషి లేచి, ఇచ్చినవాళ్ల పేరుతో సహా గొంతెత్తి చదువుతాడు. ఆ పిలుపులో పేరు లేనివాడు ఆ కుటుంబంలో లేనట్టే.

"ఎంత ఇద్దామనుకుంటున్నావు బాబాయ్?" అంది లాంగి.

"అమ్మ చావుకి ఎంత ఇస్తారో అంత."

లాంగి అతని ఫైలు తీసి ముందు పెట్టింది. "అంత కదిలితే బ్యాంకు వెనక్కి పోతుంది. కట్టిన అడ్వాన్సూ పోవచ్చు. కొంచెం ఇవ్వు, నేను వాళ్లకి సర్దిచెప్పుకుంటాను. ఎతువాతి పెదనాన్నకి సంగతి చెప్పెయ్. నేను చెప్పొద్దన్నది చావుల గురించి కాదు."

"కొంచెమా? మతలేనాకి కొంచెమా? ఆ పెద్దమనిషి లేచి నా పేరు పక్కన ఆ ముష్టి చదువుతుంటే నేను కూర్చుని వినాలా?"

ఇంటికొస్తే ఫువాతినో పరుపు కింద దాచిన రెండు సన్నచాపలూ తీసి దులుపుతోంది.

"ఇవి తీసుకెళ్దాం. నేను పెళ్లికి తెచ్చుకున్నవి."

"వట్టి చాపలతో ఏ మొహం పెట్టుకుని వెళ్లను? తాళం రానీ. ఇంతకి రెండింతలు చేస్తాను. అప్పుడు అందరూ చూస్తారు."

"పోయినావిడ నీ తాళం కోసం కాచుకుని కూర్చుంటుందా? మనిషివి వెళ్లి ఓ మూల కూర్చోరాదూ?"

"వట్టి చేతులతోనా?"

వెళ్లలేదు. ఇదీ అతను చేసిన తప్పు, ఇంకెవరిమీదా నెట్టడానికి లేదు. చిన్నది ఇవ్వడం నామోషీ అనుకుని ఏమీ ఇవ్వకుండా ఊరుకున్నాడు. ఎతువాతి ఇంటినుంచి ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఇయాకోపో దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఆ సాయంత్రం మతలేనాని ఎన్నడూ చూడని కోడళ్ల పేర్లు కూడా చదివారట. పెంచిన తమ్ముడి పేరు వినబడలేదు.

అప్పు మంజూరైంది. లాంగి ఫోన్లో కేరింతలు కొట్టబోయి, తమాయించుకుని, "వచ్చింది బాబాయ్," అని ఊరుకుంది.

తాళం చేతికొచ్చాక ఇయాకోపో సెలవురోజుల్లోనూ పనిచేసి డబ్బు కూడబెట్టి, ఆ చాపలు భుజాన వేసుకుని ఎతువాతి ఇంటికి వెళ్లాడు. ఎతువాతి లేచి ఎదురొచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు, టీ ఇప్పించాడు. ఆ మర్యాదకే ఇయాకోపో భయపడ్డాడు. ఆ ఇంట్లో అతనికి ఏనాడూ ఎవరూ టీ అందించలేదు, తనే పెట్టుకునేవాడు.

"సమాధికి సున్నం కూడా వేసేశారు తమ్ముడూ," అన్నాడు ఎతువాతి చాపల మీద చెయ్యి వెయ్యకుండానే. "ఇవి తీసుకెళ్లు. కొత్తింట్లో పనికొస్తాయి."

"అన్నా, బ్యాంకువాళ్లు ఖాతా చూస్తారని..."

"నాకు చెప్పి ఉంటే నీ పేరు మీద నేనే ఇచ్చేవాణ్ణి కదరా!" అన్నాడు ఎతువాతి. "అందరి పేర్లూ అయ్యాక చదివే పెద్దాయన నా వైపు చూశాడు, ఇంకెవరైనా ఉన్నారా అని. నేనేం చెప్పను? నోరు విప్పి ఒక్క మాట చెప్పలేకపోయావా?"

ఇయాకోపో చాపలు మళ్లీ భుజాన వేసుకున్నాడు. వచ్చేస్తూ గుమ్మంలో ఆగి, ఆదివారం అందరూ తన కొత్తింటికి భోజనానికి రావాలని పిలిచాడు. ఎతువాతి చూద్దామన్నాడు.

ఆదివారం తెల్లవారకముందే పెరట్లో వాటిమీద వండటానికి రాళ్లు కాల్చాడు. పందిపిల్ల, చేమదుంపలు, కొబ్బరిపాలు పోసి కట్టిన చేమాకు పొట్లాలు. ఫువాతినో ముందుగది నిండా చాపలు పరిచింది. పాస్టరు వచ్చి ప్రార్థన చేసి, నిలబడే రెండు ముక్కలు తిని, ఇంకో చోట కూడా పిలిచారని వెళ్లిపోయాడు. ఆ ఇంకో చోటేదో వాళ్లకి తెలుసు. మధ్యాహ్నం దాటింది. వీధిలో కారు చప్పుడైనప్పుడల్లా ఇయాకోపో లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చాడు. చివరికి ఫువాతినో, "కూర్చోవయ్యా, నిన్ను చూస్తుంటే నాకు ఏడుపొస్తోంది," అంది.

సాయంత్రమవుతుండగా లాంగి కేకు పట్టుకుని వచ్చింది. గుమ్మం ముందు చెప్పులు రెండు జతలే ఉన్నాయి.

"ఆలస్యం చేశానా బాబాయ్? అందరూ వెళ్లిపోయారా?"

ఫువాతినో మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

"ఇప్పుడే వెళ్లారమ్మా," అన్నాడు ఇయాకోపో. "రా, కూర్చో. నీకు పెడతాను."

లాంగి ఆ పెద్ద గది మధ్యలో ఒక్కతే కూర్చుంది. మూత తియ్యని పళ్లేలు వరసగా చూసింది. ఇయాకోపో వంగి మంచి మంచి ముక్కలు ఏరి వడ్డించాడు. తినడం అయ్యాక మళ్లీ పెట్టాడు. "ఇంకొంచెం పెట్టనా?" అని అడిగినప్పుడల్లా ఆమె కడుపు నిండినా తల దించుకుని పళ్లెం ముందుకు జరిపింది.